కాళ్లు లేని వీరన్న పారిపోయాడట

“ఓడ బాగవగానే నిన్ను మళ్లీ కోరంగి రేవులో దింపుతాను.” ఇదీ తల్లీ, కెప్టెన్ దొర ఇచ్చిన మాట. ఆయన డైరీలోనే ఉంది. ముందు ల్యాప్‌టాప్ తెరువు రిషితా, టీ తర్వాత తాగుదువుగాని. ఎవరికిచ్చాడంటావా? మా కోరంగి వడ్రంగి సంగాని వీరన్నకి. ఆఁ, చుట్టమేం కాదు, ఊరివాడు. రెండొందల నలభై ఏళ్ల నాటి మాట. ఓడ పేరు మెర్సీ. మా చెల్లెలి పేరూ అదేలే, కాకపోతే దానికి నోరొక్కటే, దీనికి ముప్పై రెండు ఫిరంగులు. ఫ్రెంచివాళ్లతో కొట్టుకుని, అడుగున నీళ్లు ఊరుతూ మన తీరానికొచ్చింది. వీరన్న పలకల సందుల్లో నారా తారూ కూరి నిలబెట్టాడు. దొరగారికి ఆ పనితనం ముచ్చటేసింది. ముచ్చటేస్తే వాళ్లేం చేస్తారు, ఎత్తుకుపోతారు. వజ్రమైనా అంతే, వడ్రంగైనా అంతే.

మొన్న వేసవిలో లీడ్స్ నుంచి చర్చి వాళ్లమంతా కోచ్ బస్సులో ఆ ఓడల మ్యూజియానికి వెళ్లామా, అక్కడ గోడంత బోర్డు మీద ఓడ సర్వీసంతా రాశారు. ఎక్కడ కట్టారు, ఎవరితో యుద్ధాలు, ముసలిదయ్యాక ఖైదీల్ని కుక్కే జైలుగా ఎప్పుడు మార్చారు, ఎప్పుడు విరగ్గొట్టారు, అన్నీనూ. కెప్టెన్ కుక్కకి కూడా బొమ్మా, పేరూ. అట్టడుగున చిన్నక్షరాల్లో, ‘పోర్ట్స్‌మత్‌లో ఒక దేశీ వడ్రంగి పారిపోయాడు’ అని. దేవమణి ఆంటీ చదివి, “మంచి పని చేశాడు” అంది. నేనూ నవ్వాను. నవ్వినందుకే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఎందుకంటే, తర్వాత ఊరుకోలేక ఆర్కైవ్స్ వాళ్లకి రాస్తే, ఆ ఊరి నేవీ ఆసుపత్రి రిజిస్టరు ఫొటో పంపారు. చలికి కుళ్లిపోతే వీరన్న కాళ్లు రెండూ మోకాళ్ల కిందకి తీసేశారు. ఒడ్డున దించిన రోగి ఓడ బయల్దేరేవేళకి రాకపోతే పారిపోయినట్టు రాసెయ్యడం వాళ్ల పద్ధతి. ఓడ వెళ్లిపోయాక పన్నెండు రోజులు ఆ మంచం మీదే ఉన్నాడు, నవంబర్ పద్నాలుగు దాకా. కాళ్లు లేనివాడు పారిపోయాడట. ముప్పై ఏళ్లు వార్డులో డ్యూటీల రోటా రాశానమ్మా నేను, సిక్ లీవులో ఉన్నవాణ్ణి ఎన్నడూ దొంగని చెయ్యలేదు.

మ్యూజియానికి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే పాట, వెన్న రాసిన గొంతుతో: “మీ స్వరం మాకు అమూల్యం, బోర్డు మార్చినప్పుడు పరిశీలిస్తాం.” గేటు మీద ‘అందరి చరిత్ర’ అని బ్యానరు. అందరిలో కుక్క ఉంది, వీరన్న లేడు.

వద్దొద్దు, ఆ డీకోలనైజ్ మాట తీసెయ్. పెద్ద మాటలు వాళ్లకి మనకన్నా బాగా వచ్చు. అడిగేది చిన్నది: ‘పారిపోయాడు’ కొట్టేసి, ‘సంగాని వీరన్న, కోరంగి, ఆసుపత్రిలో చనిపోయాడు’ అని రాయమను. కింద రత్నబాబు, రిటైర్డ్ నర్సు అని పెట్టు.

గడువా? వాళ్లకి వీలైనప్పుడు కాదు. కొట్టు: నవంబర్ పద్నాలుగులోగా జవాబు కావాలి.