ఏనుగు తోకకు బంగారు పోగు

వాసుదేవరావు గారి నోట్లో పడితే చీమ కూడా ఏనుగై బయటికొస్తుందని జర్మనీ ఊరు డ్రెస్డెన్‌లోని తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలిసీ శనివారం మధ్యాహ్నమయ్యేసరికి ఆయన బాల్కనీలో చేరతారు, సగం ఛాయాదేవి గారి అల్లం టీ కోసం, సగం ఆయన కోతల కోసం.

కావ్యశ్రీ మాత్రం ఆవేళ పని మీద వచ్చింది. ఆ పిల్ల యూనివర్సిటీలో టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ చదువుతోంది. ఊళ్లో కోట మ్యూజియంలో గోడంత టాపెస్ట్రీ, అంటే బొమ్మల నేత తెర, ఒకటుంది. ఉన్నితో, పట్టుతో, బంగారు పోగులతో ఎప్పుడో వందల ఏళ్ల కిందట నేసిన రాజుగారి పండగ. దాని వెనకవైపు ఎలా ఉంటుందో చూడాలని కావ్యశ్రీకి పిచ్చి. థీసిస్ అంతా దాని మీదే. మ్యూజియం వాళ్లు వచ్చే నెలాఖరుకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చి, ఇవాళ సాయంత్రంలోగా ఖాయం చెయ్యకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తామన్నారు. నెలాఖరంటే థీసిస్ గడువు మెడ మీదికి వచ్చేస్తుంది.

"నెలాఖరా! వదిలెయ్ తల్లీ ఆ టెర్మిన్ని," అన్నారు వాసుదేవరావు గారు. "మంగళవారం నేనే తీసుకెళ్తా. అక్కడ నా మాటకి తిరుగులేదు."

కావ్యశ్రీకి ప్రాణం లేచొచ్చింది. "నిజంగానా అంకుల్! వాళ్లు మీకెలా తెలుసు?"

అడక్కూడని ప్రశ్న అడిగేసింది. ఆయనతో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేసే భార్గవ్ వెంటనే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పోయిన ఆదివారం ఊరికే అలా ట్రామెక్కి వెళ్లా. టికెట్ తీసుకుని అందరిలాగే మర్యాదగా నిలబడి చూస్తున్నా. రాజుగారు, రాణిగారు, నది మీద పడవలు, బాకాలు ఊదేవాళ్లు, మధ్యలో అంబారీ కట్టిన ఏనుగు. జనమంతా రాజుగారి గడ్డం చూస్తున్నారు. నేనేం చూశానో తెలుసా? ఏనుగుకి తోక లేదు!"

"తోకెటు పోయిందన్నా?" అన్నాడు భార్గవ్.

"పురుగు తినేసిందయ్యా. పక్కనే మ్యూజియం పెద్దావిడ నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. యూరప్ అంతా గాలించినా బాగుచేసేవాడు దొరకలేదట. 'ఊరుకోండమ్మా, మా మేనమామది చీరాల, నేత మా రక్తంలోనే ఉంది' అన్నా. గబగబా వీధి చివర షాపుకెళ్లి బంగారు దారం ఉండ కొనుక్కొచ్చా. నిచ్చెనెక్కి ఒక్కటంటే ఒక్క పోగు ఎక్కించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అంది కావ్యశ్రీ, టీ తాగడం మర్చిపోయి.

"తోక ఊగింది!"

ఛాయాదేవి గారు కప్పులు నింపుతున్నారు. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడకి ఇవన్నీ అలవాటే.

"ఊగడమేంటి, అది గిర్రున తిరిగి నన్ను తొండంతో ఎత్తి లోపల పెట్టేసుకుంది. టాపెస్ట్రీ లోపల! బాకాలు, బాణసంచా, ఒకటే హడావుడి. ఏనుగేమో ఎవరి మాటా వినదే! మావటి ఫ్రెంచిలో బతిమాలాడు, లాటిన్‌లో తిట్టాడు, ఊహూఁ. నేను 'ఒసేయ్, ఆగవే' అన్నా. ఠక్కున కూలబడింది. మన గోల్కొండ వైపు ఏనుగు మరి! రాజుగారు నన్ను కౌగిలించుకుని, 'అర్ధరాజ్యం ఇస్తా, ఇక్కడే ఉండిపో, అన్‌మెల్డుంగ్ కూడా అక్కర్లేదు' అన్నారు."

"అడ్రస్ రిజిస్టర్ చేసుకోకుండనే ఉండనిస్తడా? రాజంటే గట్లుండాలె," అన్నాడు భార్గవ్.

"'సోమవారం ఆఫీసుంది ప్రభూ' అన్నా. ఆయన వెక్కివెక్కి ఏడిస్తే ఆ కన్నీళ్లకి నది పొంగి పడవలు బోర్లాపడ్డాయి. రాణిగారిని ఒక చేత్తో, బాకాలవాళ్లందర్నీ ఇంకో చేత్తో లాక్కుంటూ ఈదానమ్మా! ఇప్పుడెళ్లి చూడు, రాణిగారి వెనక చలికోటు, మీసాలతో ఒకడుంటాడు. అది నేనే."

"మరి బయటికెలా వచ్చారు?"

"వెనకవైపు నుంచి."

కావ్యశ్రీ కుర్చీ అంచుకి జరిగింది. "వెనకవైపు చూశారా! ఎలా ఉంది అంకుల్?"

"వెలుతురు తగలదుగా. రంగులు నిన్న అద్దినట్టున్నాయి."

అది మాత్రం నిజం. అసలు రంగులు వెనకవైపే మిగులుతాయని తను చదివింది. ఈయన నిజంగానే చూశారేమో! ఫోన్ తీసింది. టెర్మిన్ వద్దనడానికి వేలు స్క్రీన్ దాకా వెళ్లింది. కానీ నేత చదివే పిల్ల, కుతూహలం ఊరుకోదు కదా.

"ఆ దారం ఎలాంటిది అంకుల్? పట్టు మీద చుట్టిన జరీయా? నేను ఊరంతా తిరిగినా దొరకలేదు. ఏ షాపు?"

"అదే, వీధి చివర..."

"ఆదివారం కదా అంకుల్?"

వాసుదేవరావు గారి చెయ్యి మీసం మీదికి వెళ్లింది.

"స్టేషన్లో... అక్కడ తీసే ఉంటాయిగా," అన్నారాయన, గొంతు సవరించుకుని.

"స్టేషన్ల బ్రెడ్డు దొర్కుతది, పూలు దొర్కుతయి. బంగారు దారం దొర్కదన్నా," అన్నాడు భార్గవ్.

"ఆవేళ పెరుగు తెమ్మంటే, ఆదివారం ఒక్క షాపూ తియ్యరని నన్నే కసిరారు," అన్నారు ఛాయాదేవి గారు, టీ వడగడుతూ.

కావ్యశ్రీకి నవ్వొచ్చింది, ఆ వెంటే ఉసూరుమనిపించింది. మంగళవారం లేదు, ఏమీ లేదు. నెలాఖరు టెర్మిన్ని ఖాయం చేసి ఫోన్ బల్ల మీద పెట్టింది.

వాసుదేవరావు గారు చిన్నబోయి కప్పులోకి చూస్తూ అడిగారు, "అయితే ఏనుగుని కూడా నమ్మలేదా తల్లీ?"

"ఏనుగుని నమ్మాను అంకుల్. రాజుగారి కన్నీళ్లూ నమ్మాను. జర్మనీలో ఆదివారం షాపు తీశారంటేనే నమ్మలేకపోయాను."