అన్న పంపిన ఎరువు

త్రవ్వినట్టి వారి తల్లివై పోషించి
విషమునైన మింగి వెఱపు లేక
పచ్చదనము నిచ్చు పరమపావనివమ్మ
కావు మమ్ము తల్లి కరుణతోడ.

భూదేవికి ఈ పద్యంతో మొక్కుకుని మొదలుపెడుతున్నాను. మబ్బు పట్టిన ఒక పొద్దున, కూరగాయల తోట గట్టున, వదినా మరిదీ.

"ముట్టుకోకు వదినా."

"ముట్టుకుంటే ఏమవుతుంది? ఇదేం చిక్కుడు తీగ? ఆకులన్నీ దొప్పల్లా ముడుచుకుపోయాయి. చీడా?"

"చీడ కాదు."

"టమాటా కూడా ఇంతే. చిగుళ్ళు తాళ్ళు పేనినట్టు మెలి తిరిగాయి. నీళ్ళు చాలడం లేదా?"

"నీళ్ళకేం లోటు లేదు. అన్నయ్య ఎలా ఉన్నాడు?"

"మాట తప్పించకు. ఫోన్లో అడిగినప్పుడల్లా 'పచ్చగా ఉంది వదినా, పచ్చగా ఉంది' అన్నావు. పచ్చగా ఉండటమంటే ఇదా?"

"అన్నయ్య ఎలా ఉన్నాడని అడిగాను."

"ఎలా ఉంటారు? ఇంటికి తీసుకెళ్ళి కావలసింది పెట్టండన్నారు ఆసుపత్రివాళ్ళు. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం తెలియనట్టే ఉంటున్నాం. ఏం కావాలండీ అని అడిగితే ఏమన్నారో తెలుసా? తమ్ముడి తోట చూడాలన్నారు."

"ఇక్కడికా?"

"ఇక్కడికే. వెనకాలే వ్యానులో వస్తున్నారు. చక్రాల కుర్చీ ఎక్కించి కదిలేసరికి ఆలస్యమవుతుందని నేను ముందు నడిచొచ్చాను."

"ఇవాళ వద్దు వదినా. రేపు..."

"ఆయనకు రేపులు ఎన్నున్నాయి నాయనా?"

"అది కాదు. ఇవాళ కాస్త..."

"ఎనిమిదేళ్ళు! గట్టుకు అటొకరు, ఇటొకరు. ఆయన కొట్టిన మందు గాలికొచ్చి నీ మొక్కల మీద పడిందని నువ్వో మాట అన్నావు. ఆయన నిన్ను వానపాముల దొర అన్నారు. ఆ రెండు ముక్కల కోసం ఎనిమిదేళ్ళు పలకరింపు లేదు. ఇప్పటికి గదా కలిశారు! మళ్ళీ రేపంటావేం?"

"వానపాముల దొర... ఆ పేరు నాకు నచ్చింది వదినా. నిజంగానే వచ్చాయి కూడా. మొదటి ఏడు పార దిగని నేల ఇది. రాలిన ఆకులు, ఇంటి చెత్త, చింపిన అట్టపెట్టెలు, ఏది దొరికితే అది పరిచాను. దున్నలేదు, తవ్వలేదు. ఇప్పుడు చెయ్యి పెట్టి చూడు, మోచేతి దాకా దిగుతుంది."

"మరి అంత నేలలో మొక్కలకు ఈ రోగమేమిటి?"

"వస్తుంటాయి."

"వస్తుంటాయా? నా మొహం చూసి చెప్పు. ఆయన పంపిన ఎరువా?"

"వదినా..."

"ఆయన పంపిన ఎరువేనా?"

"రెండు కుండీల్లో చిక్కుడు గింజలు నాటి చూశాను. ఒకదాంట్లో వట్టి మట్టి, ఒకదాంట్లో మట్టితోపాటు ఆ ఎరువు. వట్టి మట్టిలోది నిటారుగా లేచింది. రెండోది పుడుతూనే వంకర పోయింది. అన్నయ్య చేలో కలుపుమందు కొడతాడు కదా. ఆ చేలో గడ్డే ఆవులు తిన్నాయి. ఆ మందు కడుపులో కరగదట. పేడలోకి వచ్చేస్తుందట."

"పేడలోంచి నీ మళ్ళలోకి."

"ఆఁ."

"అన్ని మళ్ళలోకా?"

"అన్నింట్లోకి. ఎనిమిదేళ్ళ తరువాత అన్న బండి నా వాకిట్లో ఆగింది వదినా! ఒక మూల వేసి చూద్దామన్న బుద్ధే పుట్టలేదు. బయటి ఎరువు ఏదైనా ముందు పరీక్షించండని అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ రోజు చీకటి పడేదాకా పార దించలేదు. ఒక్క మడికి తక్కువైతే అన్నను తక్కువ చేసినట్టే అనిపించింది. అసలు అన్నయ్యకు ఎలా తోచిందో, ఎరువు పంపాలని."

"నేల... మళ్ళీ మామూలవుతుందా?"

"రెండేళ్ళు పట్టవచ్చు, మూడేళ్ళూ పట్టవచ్చు. వానపాములు చావలేదు. తేరుకుంటుంది. నాకా దిగులేం లేదు."

"అబద్ధం."

"ఉంది. కానీ అన్నయ్యకు చెప్పుకునేంత లేదు."

"ఆ బండి వెళ్ళిన రోజు ముద్ద సహించని మనిషి అడిగి పెట్టించుకుని తిన్నారు. 'తీసుకున్నాడే, వెనక్కి పంపలేదే' అని ఒకటే మాట. ఇది తెలిస్తే ఆయన..."

"తెలియదు."

"జన్మంతా సేద్యం చేసిన మనిషి. ఈ ఆకు ఒక్కటి చూస్తే చాలు."

"చూడనివ్వను. ఆ చివర మొక్కజొన్న ఉంది చూడు, దానికేం కాలేదు, నిలువెత్తు లేచింది. కుర్చీ అటునుంచి తెద్దాం. దాని ముందే కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి, చలిగాలి అని తొందరగా పంపేద్దాం."

"నీకు అబద్ధం అతకదు మరిదిగారూ. చెవులు ఎర్రబడతాయి."

"తలకు తువ్వాలు చుట్టుకుంటాను."

"హారన్ కొడుతున్నాడు. కళ్ళు తుడుచుకో."

"ముందు నువ్వు తుడుచుకో."

"పద, పద. డ్రైవరుగారూ! అటు కాదు, ఇటు, మొక్కజొన్న వైపు!"

"నెమ్మది అన్నయ్యా. కాలు ఆ పలక మీదే ఉంచు. ఆఁ, ఇక్కడ."

"ఏరా వానపాముల దొరా! తలపాగా ఏమిటి, పట్టాభిషేకమా?"

"ఎండ అన్నయ్యా."

"మబ్బులో ఎండేమిట్రా?"

"వచ్చీ రాగానే వాణ్ణి ఏడిపించకండి. చూడండి, మొక్కజొన్న ఎంత ఏపుగా ఉందో!"

"చూస్తున్నానే. పొత్తు బిగువుగా ఉంది. ఏదిరా, ఓ పిడికెడు మట్టి ఇలా అందివ్వు. అబ్బ! ఇది మట్టిరా? పిండిలా ఉంది. వాసన చూడవే. ఇదిగో, నీ ప్రజల్లో ఒకడు నా వేలు పట్టుకున్నాడు."

"వాడికి నువ్వు నచ్చావు అన్నయ్యా."

"నేను కొట్టిన మందులు తెలిస్తే పారిపోయేవాడు. ఏది, ఆ పక్క మళ్ళు కూడా చూపించు."

"అటంతా బురద. చక్రాలు దిగబడతాయి."

"అవునండీ, నన్ను కూడా అటు పోనివ్వలేదు మీ తమ్ముడు, ఒకటే బురదట."

"అలాగా. నీ కాళ్ళకు అంటలేదేరా? సరేలే. అయితే నా ఎరువు పనిచేసిందన్నమాట."

"చేసింది అన్నయ్యా. భలేగా చేసింది."

"నేను చెప్పలా మీకు!"

"చెప్పావులే. నోరు ఆరిపోతోందే. మంచినీళ్ళ సీసా వ్యానులోనే ఉండిపోయింది. కాస్త తెచ్చిపెట్టు. డ్రైవర్ని కూడా తీసుకెళ్ళి ఎక్కడైనా కూర్చోబెట్టు, పాపం."

"ఇప్పుడే వస్తాను. మీరు కదలకండి."

"కదిలే ఓపికే ఉంటేనా! ... వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"చిక్కుడు ఎక్కడ పెట్టావురా?"

"ఈసారి పెట్టలేదు అన్నయ్యా."

"టమాటా?"

"అదీ... కాస్త ఆలస్యమైంది."

"తమ్ముడూ, నా కలుపుమందు గడ్డిజాతి జోలికి పోదు. మొక్కజొన్నను ఏమీ చెయ్యదు. అందుకే గదా ఇన్నేళ్ళూ నా గడ్డి చేలో కొట్టాను. నువ్వు నన్ను తెచ్చి మొక్కజొన్న ముందు కూర్చోబెట్టినప్పుడే, తక్కినవేమయ్యాయో తెలిసిపోయింది."

"అన్నయ్యా, అలా కాదు. అదీ..."

"ఆ తువ్వాలు తియ్యి. తియ్యరా. చూశావా, నిప్పుల్లా ఉన్నాయి చెవులు."

"నీకు తెలియకూడదనుకున్నాను."

"పశువు కడుపున పడ్డాక ఎంత విషమైనా శుద్ధి అవుతుందనుకున్నానురా. పెంటగుంటలో అడుగున మాగినదే తీయించాను. చేతనైనంత నేనే ఎత్తాను. ఎనిమిదేళ్ళుగా నువ్వు కాపాడుకున్నదాన్ని ఒక్క బండితో..."

"తేరుకుంటుంది అన్నయ్యా. రెండు మూడు వానాకాలాలు గడిస్తే చాలు. నేల మహాతల్లి."

"తేరుకుంటుంది. నేను చూడను."

"అలా అనకు."

"ఏడవకుండా విను, అవతల వస్తోంది. అప్పటిదాకా మొక్కజొన్నే వెయ్యి. చొప్ప అక్కడే పరిచెయ్యి. పశువులకు పెట్టకు, ఇంకొకరికి ఇవ్వకు. నా పొరపాటు నీ గట్టు దాటకూడదు. విన్నావా?"

"విన్నాను."

"ఇంకొకటి. ఎరువు పంపాలన్న ఆలోచన నాది కాదురా. మీ వదినది. మనిద్దరం తన వల్లే కలిశామని పొంగిపోతోంది పిచ్చిది. తోట పోయిన సంగతి ఆమెకు మాత్రం తెలియనివ్వకు."

ఈ మాటలు విన్నవారందరి నేలలు చల్లగా ఉండుగాక. వారి చేతి గింజ వంకరపోక నిటారుగా మొలుచుగాక. అలిగిన తోబుట్టువులకు, మాట కలుపుకునే పొద్దు ఇంకా మిగిలి ఉండగానే ఆ బుద్ధి పుట్టుగాక. స్వస్తి.