అరలో ఉన్న థ్రాటిల్ బాడీ

మెకానిక్ బానెట్ మూసి చేతులు తుడుచుకుంటుండగా ఆమె షెడ్డులోకి వచ్చింది.

"మావారి పుట్టినరోజుకి నేను కొనిచ్చిన పెద్ద థ్రాటిల్ బాడీ బిగించావు చూడు, అలాంటిదే మా తమ్ముడి కారుకీ కావాలి."

"ఎందుకమ్మా? మిగతా ఇంజినంతా కంపెనీదే. గాలి వెళ్లే దారొక్కటే పెద్దది చేస్తే ఒరిగేదేం లేదు."

"భలేవాడివే! 'నీ కానుకతో బండి దూసుకుపోతోందే' అని ఆయన రోజూ నాతో అంటారు. మొదట్లో ట్రాఫిక్‌లో కుదిపేది, నిజమే. ఈ నెల నుంచి అదీ లేదు."

"ఉండదమ్మా..."

"ఏంటా నసుగుడు? అదిగో, అరలో ఆ పెట్టెలో ఒకటుందిగా!"

"అది ఒక సారుదమ్మా. కుదుపులు భరించలేక పాతదే బిగించమన్నారు. ఇంట్లో తెలియనివ్వొద్దన్నారు."

"ఎవరా సారు? ఆగాగు. ఆ పెట్టె మీద 'మావారికి' అని రాసింది నేనేగా!"

మెకానిక్ తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు.

"మరి దూసుకుపోతోందని రోజూ ఎందుకంటున్నట్టు?"

"నాకేం తెలుసమ్మా!"

"మొన్న నేనే నడిపాను. నాకూ నిజంగా దూసుకుపోయినట్టే ఉందే!"

"అది పాతదేనమ్మా."

"ఏమో బాబూ, నాకేం అర్థం కావట్లేదు. నేను చూశానని మాత్రం ఆయనకి చెప్పకు. సాయంత్రం ఆయన దూసుకుపోతోందే అంటారు, నేనూ అవునంటాను."