మెతుకు ముట్టని మూడు నెలలు

రాత్రి అన్నం మానేస్తే ఒళ్లు తగ్గుతుందన్నది కృష్ణా జిల్లాలో బలమైన నమ్మకం. 1998లో ఒక ఉదయం, భవానీపురం ఏటి గట్టు మీద నడుస్తూ, ఒక రిటైర్డ్ మాస్టారూ ఆయన పక్కింటి వ్యాపారీ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు.

"రాత్రి అన్నం మానేసి మూడు నెలలైంది మాస్టారూ! అదే డెబ్బై తొమ్మిది కేజీలు. బరువు తగ్గకపోతే మోకాళ్లకి ఆపరేషనే అన్నాడు డాక్టరు. రేపట్నుంచి ఈ నడక కూడా మానేస్తా."

"మానేద్దురుగాని. రాత్రి ఏం తింటున్నారు?"

"ఒట్టు! మెతుకు ముట్టలేదు."

"మరి నిన్న రాత్రి?"

"టిఫినేనండీ. పెసరట్టు."

"ఒకటేనా?"

"మూడు. లోపల ఉప్మా."

"నెయ్యి?"

"నెయ్యి లేకుండా పెసరట్టా? మీరసలు మనిషేనా?"

"అయ్యా, మీరు అన్నం మానేశారు గాని భోజనం మానలేదు!"

"టిఫిను కూడా లెక్కేనా?"

"పొట్టకి ఆ తేడా తెలీదండీ."

"అయ్యో రామా! శనివారం ఒంటిపొద్దు కదా అని నాలుగు లాగిస్తున్నానే!"

ఇద్దరూ నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడ్డారు.

"ఒక్క వారం, రాత్రికి ఒకే అట్టు. ఉప్మా వద్దు, నెయ్యి వద్దు. తగ్గకపోతే నడక మానేయండి, నేనేమీ అనను."

"ఉప్మా పక్కన పెట్టుకుని చూడొచ్చా?"

"చూడండి."

తరువాతి ఆదివారం మందుల షాపులోని మిషను డెబ్బై ఎనిమిదిన్నర చూపింది. సోమవారం వ్యాపారి నడకకని తెల్లవారుజామున ఐదింటికే వచ్చి మాస్టారి తలుపు తట్టారు.