ఎక్కడ ఆగారో చెప్పిన మనిషి

పెద్దలకు, రాసేవాళ్ళకు, రాసి తిప్పి పంపించుకున్నవాళ్ళకు, అందరికీ నమస్కారం. మన పత్రిక ఎడిటరు గారు పోయి ఇవాళ్టికి ఐదు రోజులు. కుర్చీలు చాలక సగంమంది గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఆయన చూస్తే ఎంత మొహమాటపడేవారో!

నేను బట్టలు కుట్టేవాణ్ణి. ఐదో తరగతితో బడి మానేశాను. మైకు ముందు నిలబడటం ఇదే మొదలు. నా మొహంలో సంతోషం కనబడితే తప్పు పట్టకండి. దుఃఖం లేక కాదండీ. మా అమ్మాయి కథ అచ్చయింది! ఆయన పోయిన మూడో రోజున పత్రిక వచ్చింది. ఇదిగో, పదిహేడో పేజీ! ఈ రెండూ ఒకే గుండెలో ఎలా పట్టించాలో నాకు తెలియడం లేదు.

మా అమ్మాయి నా దుకాణంలోనే కాజాలు కుడుతుంది. మధ్యాహ్నం పని తగ్గితే కత్తిరింపు బల్ల మీద కాగితాలు పరుచుకుని కథలు రాస్తుంది. తనకి ఉన్నది ఒకటే పంతం: ఎన్నిసార్లు తిరిగొచ్చినా రాయడం మానకూడదు. నాకున్నది ఒకటే భయం: ఏదో ఒకరోజు మానేస్తుందని.

మొదటి కథ ఎడిటరు గారి దగ్గర్నుంచి తిరిగొచ్చింది. నాలుగో వాక్యం కింద పెన్సిలుతో అడ్డగీత, పక్కన "ఇక్కడ ఆగాను" అని రెండు ముక్కలు. అంతే! బాగుందనలేదు, బాగులేదనలేదు. అమ్మాయి ఏడ్చింది. కథ మంచిచెడ్డలు నాకేం తెలుసు? కొలతలు తెలుసు. మెడలో టేపు తీసి పేజీ పైనుంచి గీత దాకా కొలిచాను. అంగుళమున్నర. రెండో కథకి ఐదు అంగుళాలు! ఎగిరి గంతేశాను. "నాన్నా, కథేమన్నా లాగూనా కొలవడానికి?" అని కసిరింది. మూడోది మళ్ళీ మూడంగుళాలకు పడిపోయింది. ఆ రోజు టేపు దాచేశాను. నాలుగోది రెండో పేజీలోకి దిగింది. మిఠాయి తెచ్చి వచ్చినవాళ్ళందరికీ పంచాను. "తిరిగొచ్చిన కథకి మిఠాయేమిటి, మతి పోయిందా?" అంది మా ఆవిడ. పోయిందనుకోండి, పోతే పోయింది!

మీలో ఎంతమంది దగ్గర ఆ గీతలున్నాయి? ఒక్కసారి చేతులెత్తండి. అబ్బో! చూశారా? ఇంతమందినీ చదివాడండీ ఆ మహానుభావుడు! ఎక్కడ విసుగొచ్చిందో అక్కడిదాకా, ఒక్కొక్కరినీ!

ఏడు కథలు తిరిగొచ్చాయి. నాలుగేళ్ళు. "నా పేరు చూడగానే ఆయనకి విసుగొస్తోందేమో నాన్నా" అని ఎనిమిదో కథ పేరు లేకుండా పంపింది. కవరు మీద దుకాణం చిరునామా ఒక్కటే. అదీ తిరిగొచ్చింది. ఈసారి గీత కూడా లేదు! పన్నెండు పేజీలూ తిప్పి చూశాం. పెన్సిలు మరక లేదు. "చదవనే లేదు. ఇంక చాలు" అని కాగితాలన్నీ కట్టగట్టి పాత గుడ్డపీలికల సంచిలో కుక్కింది. ఏడ్చినా బాగుండేది. ఏడవలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మెడలో టేపు, జేబులో కత్తెర, చేతిలో ఆ కథ, దాని కవరు, ఆ వేషంతోనే ఆఫీసుకు వెళ్ళాను. గది నిండా కట్టలు. నన్ను కూర్చోబెట్టడానికి ఆయన కుర్చీ మీది కట్టలు తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. "చదవకుండా పంపడం ఏం న్యాయమండీ?" అని అరిచాను. ఆయన కళ్ళజోడు తీసి, నా జేబులోని కత్తెర చూసి, మెల్లగా నవ్వారు. "చదవకపోవడమేమిటి టైలరు గారూ? ఎక్కడా ఆగలేదు, అందుకే గీత పెట్టలేదు. వేసుకుందామంటే ఎవరు రాశారో లేదు. పేరు రాసి పంపమని చీటీ పెట్టానే, చూళ్ళేదా?"

చీటీ! కవరులోనే అతుక్కుపోయి ఉంది! మా కంగారులో కవరు దులిపి చూసిన పాపాన పోలేదు.

నేను సిగ్గుతో లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "నన్నూ చాలా ఏళ్ళు తిప్పి పంపారండీ. బాగులేదన్నారు గానీ ఎక్కడ బాగులేదో ఒక్కరూ చెప్పలేదు. చీకట్లో తడుముకున్నాను. ఈ పిల్లలకి ఆ బాధ ఉండకూడదని" అన్నారు. అలాంటి మనిషి మీదికి నేను కత్తెరతో వెళ్ళాను!

అమ్మాయి పేరు రాసి మళ్ళీ పంపింది, పదిహేడో పేజీలో ఉన్నది ఆ కథే. ఇంతలో ఆయన పోయిన కబురు వచ్చింది. అమ్మాయి కలానికి మూత పెట్టేసింది. "ఇంక ఎవరికి పంపను నాన్నా?" అంది. పత్రికలో తన పేరు చూసుకుని కూడా నవ్వలేదు. మీరు చెప్పండి, ఇలాంటి పాఠకుడు పోతే ఎవరి కోసం రాయాలి?

ఇవాళ పొద్దున చూద్దును కదా, కత్తిరింపు బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చుని ఉంది. "సభకి టైమవుతోంది తల్లీ, లే" అన్నాను. తల ఎత్తలేదు. "నువ్వెళ్ళి చెప్పి రా నాన్నా. నేను మధ్యలో ఉన్నాను" అంది.

మధ్యలో ఉందటండీ! విన్నారా? మధ్యలో ఉందట!

అందరూ ఒక్కసారి లేచి నిలబడండి. రెండు నిమిషాలు ఆయన కోసం మౌనంగా ఉందాం. ఈ సంతోషంలో నా నోరు ఊరుకునేలా లేదు. పక్కనున్న బాబూ, కాస్త నా చెయ్యి గట్టిగా పట్టుకో.