కోడలు ఏ ఊళ్ళో ఉంది?

అనకాపల్లిలో ఒక బెల్లం వ్యాపారి ఇంటి వరండా. బర్మాలో పుట్టిన ఆ ఇంటి కోడలు భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఆమె అత్తగారి ఎదుట కూర్చున్నాడు.

"మీ కోడలేదమ్మా?"

"పెళ్ళికని ఎలమంచిలి ఎల్లింది బాబూ."

"ఎదురింటావిడ మునగపాక అన్నాది. పక్కింటాయన చీడికాడ అన్నాడు. అందరికీ ఒకే ఊరు చెప్పాల్సింది గదమ్మా!"

"ఆవిడకి మతిమరుపు, ఆయనకి చెవుడు."

"పెళ్ళికూతురి పేరేటి?"

"పేరా? మా చుట్టాలమ్మాయే బాబూ."

"చెప్పండమ్మా."

"రంగూన్ ఎల్లింది బాబూ. వాళ్ళమ్మకి ఆఖరి రోజులు, నేనే పంపించేను. పైదేశం ఎల్లిందంటే దరఖాస్తు కొట్టేత్తారని దాచేను."

"ఎల్లడం తప్పని ఎవరన్నారు? మీ కోడలు ముందే మా ఆఫీసుకొచ్చి ఉత్తరం, రానూపోనూ టికెట్ల నకళ్ళు ఇచ్చే ఎల్లింది."

"నాకు చెప్పలేదే!"

"మీరు వీధి వీధంతా అబద్ధం నేర్పుతారని ఆవిడకేటి తెలుసు? ఇప్పుడు మీ మాట రాసుకోవాలి. ఏటి రాయమంటారు?"

"రంగూనే రాయి బాబూ. తిరిగి ఈ ఇంటికే వత్తాదని కూడా రాయి."

"దానికి పూచీ ఎవరు?"

"నేను. సంతకం ఎక్కడ పెట్టాల?"