రౌటర్ లేచేలోపు

పదకొండు నిమిషాలెందుకు పట్టిందని నన్నడిగితే ఎలా సార్? ఆ రౌటర్‌నడగండి! అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లన్నీ దాని గుండానే రావాలి. మధ్యాహ్నం కరెంటు ఇలా పోయి అలా వచ్చింది. బ్యాటరీలా? మార్చడానికి సరిగ్గా ఆ రోజే విప్పారు, మన ఖర్మ.

మనకి రెప్పపాటే. దానికి మళ్లీ పుట్టినంత పని. ముందు తన మెమరీ అంతా తడిమి చూసుకుంటుంది. తర్వాత పాత కార్డులో మూటగట్టిన సాఫ్ట్‌వేర్ విప్పుకుంటుంది. ఆ తర్వాతేం చేస్తుందో తెలుసా? ఎప్పుడో పీకేసిన సర్వర్‌ని పిలుస్తుంది! జవాబు రాదు. మళ్లీ పిలుస్తుంది. అలా ఆరు నిమిషాలు. నవ్వకండి, నిజం. ఎవరో ఏనాడో దాని ప్రోగ్రాములో రాసిన ఒక్క లైను వల్ల.

అంతసేపూ నేను దాని ముందే నిలబడ్డాను. పచ్చలైటు వెలిగేదాకా చేతులు నలుపుకోవడమే కదా! పక్క హాల్లో ఫోన్లెత్తే ఆడపిల్లలు ఇరవై మంది, హెడ్‌ఫోన్లలో చప్పుడు లేక నావైపే చూస్తున్నారు. సూపర్‌వైజరమ్మయితే "ఇంకెంతసేపే?" అని ఒకటే గోల.

ఏడో నిమిషంలో అనుకుంటా, ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇల్లు వెనక వీధేనట. అద్దం తలుపు దబదబా బాదాడు. "ఫోనెత్తరేంటమ్మా! మా ఆవిడ మూతి వంకరపోయింది, మాట రావట్లేదు, ఒంటరిగా వదిలేసి వచ్చాను!"

బండి వెంటనే పంపాం సార్. ప్రాణం దక్కింది. కుడి చెయ్యే ఇంకా లేవట్లేదు. నిన్న వెళ్లి చూసొచ్చాను. ఆయనే నాకు కుర్చీ వేసి, "మీరు మాత్రం ఏం చేస్తారమ్మా, మిషను కదా" అన్నాడు. అంతకంటే చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

ఏం రాస్తున్నారు? "యంత్రం పాతది, ఎవరి తప్పూ లేదు" అనా?

ఆగండి.

స్టోర్‌రూమ్‌లో అచ్చం అలాంటిదే ఇంకోటుంది. నాలుగు నెలల కిందట దాని మీద అన్నీ సరిచేసి చూశాను. ఆ లైను తీసేశాను, కొత్త కార్డు వేశాను. మూడున్నర నిమిషాల్లో లేచి కూర్చుంది! మా ఆఫీసు పెద్దాయన మురిసిపోయి, "అసలుదానికీ చేసెయ్యమ్మా" అన్నారు. ఆదివారం పొద్దున గంటసేపు ఫోన్లన్నీ పక్క ఊరి కేంద్రానికి మళ్లించారు కూడా.

వెళ్లాను. కూర్చున్నాను. లైను తీసి, కార్డు మార్చి, ఒక్కసారి ఆపి మళ్లీ వెయ్యాలి, అంతే. అంతకుముందు ఏడాది ఇలాగే ఒకదాన్ని ఆపితే అది మళ్లీ లేవలేదు సార్. అందరి ముందూ నన్ను ఎన్నెన్ని మాటలన్నారో! అవన్నీ గుర్తొచ్చాయి. స్విచ్చు దాకా వెళ్లిన చెయ్యి వెనక్కొచ్చేసింది. దేన్నీ ముట్టుకోకుండా గంటంతా అలాగే బిగుసుకుని కూర్చున్నాను.

తర్వాత లేచొచ్చి, రిపోర్టులో "పని పూర్తయింది" అని రాశాను.

ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. చేసుంటే ఆయన ఇల్లు కదలక ముందే బండి బయల్దేరేది.

రాసుకోండి సార్. పెన్ను ఆపారేం?